ఇచ్ఛాపురంలో మతం మారాలంటే కలెక్టర్‌కి చెప్పాలా?

అక్కర్లేదు; ఆ నిబంధన ఒడిశాది, ఇచ్ఛాపురం ఉన్నది శ్రీకాకుళం జిల్లాలో.

ఒడిశాలో 1967 నుంచి బలవంతం, మోసం, ప్రలోభాలతో మతం మార్చడాన్ని నిషేధించే చట్టం ఉంది. దాని 1989 నియమాల ప్రకారం మార్పిడి క్రతువు జరిపే మతగురువు తేదీ, చోటు, మారేవారి పేర్లు 15 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేట్‌కి, అంటే కలెక్టర్‌కి, తెలపాలి. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి చట్టం లేదు. 2007లో ఇక్కడ వచ్చిన చట్టం నోటిఫై చేసిన పుణ్యక్షేత్రాల దగ్గర అన్యమత ప్రచారానికి సంబంధించింది, అంతే.

ఇలాంటి చట్టాలు చెల్లుతాయని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో చెప్పింది. రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచార హక్కు ఇస్తుంది, కానీ శాంతిభద్రతలకు లోబడి. ఎదుటివాణ్ని మార్చే హక్కు అందులో లేదు. బలవంతపు మార్పిడి గొడవలకు దారితీస్తుందన్నది కోర్టు ఆలోచన.

ఉదాహరణకు, ఇచ్ఛాపురం మనిషి ఒడిశాలోని బరంపురంలో బాప్తిస్మం తీసుకుంటే అక్కడి మతగురువు సమాచారం ఇవ్వాలి. అదే క్రతువు ఇచ్ఛాపురంలో అయితే అవసరం లేదు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: చట్టం లేదు కాబట్టి ఏం చేసినా చెల్లుతుందని కొందరు, అనుమతి కాగితం లేదు కాబట్టి ప్రార్థనను ఆపేయొచ్చని మరికొందరు అనుకుంటారు. రెండూ తప్పే. బెదిరించి మతం మార్చినా, బెదిరించి అడ్డుకున్నా భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద నేరం. మతాల మధ్య ద్వేషం రెచ్చగొడితే 196 వర్తిస్తుంది, మూడేళ్ల దాకా జైలు. ప్రార్థనా స్థలంలో చేస్తే అయిదేళ్ల దాకా.