బహుమతి పుచ్చుకునే ముందు

అమ్మలూ,

పర్చేజ్ సెక్షన్‌కు మారావని తెలిసి సంతోషించాను. ఇకమీదట సప్లయర్లు నీ దగ్గరికి వస్తారు. కొందరు ఏదో ఒకటి పట్టుకొనే వస్తారు. చాలామంది మర్యాద కోసమే ఇస్తారు, చిక్కంతా అక్కడే. దురుద్దేశంతో ఇచ్చేదాన్ని కాదనడం తేలిక. అభిమానంగా ఇస్తే మొహమాటం అడ్డొస్తుంది.

ముందు మీ గిఫ్ట్ పాలసీ మొత్తం చదువు. ఎంత విలువ దాకా తీసుకోవచ్చో, ఎవరికి చెప్పాలో, వచ్చిన బహుమతులు రాసే రిజిస్టర్ ఎవరి దగ్గరుంటుందో తెలుసుకో. డైరీ, క్యాలెండర్ లాంటివాటితో సాధారణంగా ఇబ్బంది ఉండదు. డబ్బు, గిఫ్ట్ కార్డులు మాత్రం ఎంత చిన్న మొత్తమైనా ముట్టుకోకు.

అయితే విలువకన్నా సమయమే ముఖ్యమని నా నమ్మకం. కొటేషన్లు తెరవబోయే ముందు, కాంట్రాక్టు రెన్యువల్ నడుస్తున్నప్పుడు, బిల్లు మీద పేచీ తేలనప్పుడు, పరిమితి లోపలిదైనా సరే వద్దని చెప్పు. ఆ తర్వాత ఆర్డర్ వాళ్లకు న్యాయంగానే దక్కినా పోటీలో ఓడినవాళ్లు నమ్మరు. పైగా పుచ్చుకున్నాక మనసు మనకు తెలియకుండానే అటు మొగ్గుతుంది. ఎంత నిజాయితీపరులకైనా ఇది తప్పదు.

కొరియర్‌లో ఇంటికే వచ్చేస్తే తెరవకుండా ఆఫీసుకు తీసుకెళ్లి మేనేజర్‌కు చూపించు. ఎవరిచ్చారు, ఏమిచ్చారు, సుమారు విలువెంత, దాన్నేం చేశారు, అన్నీ ఆ రోజే రిజిస్టర్‌లో ఎక్కించు. ఆలస్యంగా రాస్తే దాచిపెట్టినట్టే కనిపిస్తుంది. తిప్పి పంపేటప్పుడు రెండు ముక్కలు చాలు: "మీ అభిమానానికి కృతజ్ఞతలు. మా కంపెనీ నియమాల ప్రకారం తీసుకోకూడదు." ఇలా అంటే ఎవరూ నొచ్చుకోరు.

నువ్వు ఇవ్వాల్సి వచ్చినప్పుడూ ఇంతే జాగ్రత్త. అవతలి కంపెనీకీ నియమాలుంటాయి, ముందే కనుక్కో. ప్రభుత్వ అధికారులకైతే లీగల్ వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఏమీ ఇవ్వకు. మీకు విదేశీ క్లయింట్లున్నారు కాబట్టి ఇదీ చెబుతున్నా. విదేశీ అధికారులకు లంచం ఇవ్వడాన్ని అమెరికా 1977లోనే నేరం చేసింది. బ్రిటన్ 2010లో తెచ్చిన చట్టం ప్రైవేటు కంపెనీల మధ్య లంచాలకూ వర్తిస్తుంది. తన తరఫున పనిచేసేవాళ్లు లంచం ఇవ్వకుండా తగిన ఏర్పాట్లు చేయని కంపెనీ కూడా దాని కింద దోషే. అందుకే గిఫ్ట్ ఖర్చును ఇంకో పద్దు కింద రాయమని ఎవరన్నా ఒప్పుకోకు. జేబులోంచి పెట్టి రిజిస్టర్ తప్పించడమూ వద్దు.

మీ పైఅధికారే తీసుకుంటున్నట్టు తెలిస్తే కంపెనీలో నియమాలు పాటిస్తున్నారో లేదో చూసే కంప్లయన్స్ వాళ్లకు చెప్పాలి. అది మాత్రం కష్టమైన పనే. టెన్షన్‌గా ఉంటే ముందు నాకు ఫోన్ చెయ్యి, ఏం రాయాలో కలిసి ఆలోచిద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న