కుండీలో గుండుమల్లె ఏపుగా పెరుగుతోంది, మొగ్గ మాత్రం రావట్లేదు: సమాధానం

మల్లెకు రోజూ నీళ్లు పోస్తున్నాం, నెలనెలా యూరియా వేస్తున్నాం, అయినా మొగ్గ రావట్లేదేమని అడిగారు కదా, తేడా అక్కడే. యూరియాలోని నత్రజని ఎక్కువై, నీటికి విరామం లేకపోతే మల్లె ఆకే వేస్తుంది. మొగ్గ కొత్త చిగురు చివరే వస్తుంది, ముదురు తీగకు రాదు.

1. యూరియా ఆపండి. ఆరు గంటలైనా ఎండ తగిలే చోట కుండీ పెట్టండి.

2. డిసెంబరులో మొక్కను ఎండగట్టండి. చచ్చిపోతుందేమోనని భయపడి చాలామంది వదిలేసేది ఇదే. మూడు వారాలపాటు, ఆకు తలవాల్చిన రోజే ఒక చెంబుడు పొయ్యండి. ఆకు పసుపెక్కి రాలుతుంటే కంగారు పడొద్దు, మనకు కావలసింది అదే. ఈ విరామం లేకుండా కత్తిరిస్తే మళ్లీ ఆకే.

3. జనవరిలో మిగిలిన ఆకు దూసేసి, తీగలన్నీ మట్టికి అడుగున్నర ఎత్తులో కత్తిరించండి. ఎండుపుల్లలు మొదలంటా తీసెయ్యండి.

4. పైమట్టి గుల్ల చేసి రెండు గుప్పెళ్ల మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి. అప్పట్నుంచి మామూలుగా నీళ్లు.

కొత్త చిగురు కొసన మూడేసి మొగ్గలు కనిపిస్తాయి, నడిమిది ముందు విచ్చుతుంది. మొగ్గకు సూదిబెజ్జం ఉంటే పురుగే: తుంచి పారేసి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి.