గిల్డ్ మాస్టర్ వేషం కట్టబోయే తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన సీన్ రాత్రే చదివాను. స్కైరిమ్ వీడియో గేమ్‌లోని దొంగల గిల్డ్, అంటే ఆ దొంగల సంఘం, అంటే నీకెంత ఇష్టమో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. తలా ఒక పాత్ర తీసుకుని కథ అల్లే మీ రోల్‌ప్లేలో ఆ గిల్డ్ నాయకుడు మెర్సర్ ఫ్రే వేషం నువ్వే అడిగి తీసుకున్నావట, మంచి పని చేశావు. అయితే మొదటి పేరాలోనే "మెర్సర్ కుటిలంగా నవ్వుతూ ఖజానా వైపు చూశాడు" అని రాసేశావు. నన్ను ఆపింది ఆ వాక్యమే.

ఆట చివరిదాకా ఆడాం కాబట్టి అసలు కథ మనకు తెలుసు. 25 ఏళ్ల కిందట అప్పటి గిల్డ్ మాస్టర్ గాలస్‌ని చంపింది మెర్సరే. ఆ నేరం గిల్డ్‌లోనే ఉన్న కార్లియా మీదకు నెట్టి, తాను గద్దెనెక్కి, ఖజానా ఊడ్చేశాడు. కానీ రిఫ్టెన్ ఊరి కింద ఆ చీకట్లో బతికేవాళ్లకు ఇదేమీ తెలియదు కదా! వాళ్ల లెక్కలో కార్లియా హంతకురాలు, మెర్సర్ కష్టకాలంలో గిల్డ్‌ని నెట్టుకొస్తున్న పెద్దమనిషి. ఏ పనీ కలిసిరావడం లేదంటే గిల్డ్‌లోని డెల్విన్ ఏదో శాపం తగిలిందంటాడు గానీ నాయకుణ్ణి అనుమానించడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు ఊరికే అన్నారా? పాతికేళ్లు పట్టుబడనివాడు నలుగురి ముందూ కుటిలంగా నవ్వడు. ఆటలో అతను కొత్తగా వచ్చినవాడితో ఏమంటాడో గుర్తు తెచ్చుకో. రూల్స్ పాటిస్తే డబ్బు చేసుకుంటావు, తప్పితే నీ వాటా పోతుంది, ఇందులో చర్చ లేదు అంటాడు. వాటాల విషయంలో అంత కరాఖండిగా ఉన్న మనిషిని ఎవరు అనుమానిస్తారు? నువ్వు కట్టాల్సింది ఆ వేషం.

చాలా ఏళ్ల కిందట మా బృందంలో నేనూ మెర్సర్ పాత్ర తీసుకున్నాను. మొదటి రోజే అతని చేత దొంగచూపులు చూపించాను. డెల్విన్ వేషం వేసిన స్నేహితురాలు ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, "నువ్వు అంతా చెప్పేశాక నేను కనుక్కోవడానికి ఏం మిగిలింది?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆమె పాత్ర నెమ్మదిగా తెలుసుకోవాల్సినదాన్ని, బాధపడాల్సినదాన్ని నేనే ముందు లాగేసుకున్నాను. ఇప్పటికీ ఏదైనా సీన్ మొదలుపెట్టే ముందు ఆ ఫోన్ గుర్తొస్తుంది.

ఇక గాలస్ సంగతి. మహానుభావుడు, పండితుడు, అందరినీ కన్నబిడ్డల్లా చూసుకున్నవాడు అని రాశావు. ఈ మాట ఎవరు చెప్పారు? ఎక్కువగా కార్లియా చెప్పింది. ఆమె అతన్ని ప్రేమించిన మనిషి. తర్వాత ఎంథిర్, అతనేమో గాలస్‌కి స్నేహితుడు. వాళ్లు అబద్ధమాడారని కాదు, పోయినవాణ్ణి తలుచుకునేటప్పుడు మనం ఎలా మాట్లాడతామో అలా మాట్లాడారంతే. గాలస్ డైరీలో ఇంకో సంగతి ఉంది చూడు. మెర్సర్ విలాసాలకు విచ్చలవిడిగా ఖర్చు పెడుతున్నాడని, అది గిల్డ్ సొమ్మేనని అతనికి ముందే అనుమానం వచ్చింది. వచ్చినా గిల్డ్‌లో పదిమందినీ కూర్చోబెట్టి చెప్పలేదు. పైగా ఎవరికీ అర్థంకాని ఫాల్మర్ భాషలో రాసి పెట్టుకున్నాడు. ఎందుకు? చేతిలో రుజువు లేకనా, స్నేహం అడ్డొచ్చా, పరువు పోతుందనా? ఆట ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. అలాంటి ఖాళీ దొరికితే వదలకు. నన్ను అడిగితే అసలు కథ రాయాల్సిన చోటు అదే.

నాయకుడు ఎలాంటివాడో తెలియాలంటే అతని గురించి చెప్పిన మాటలకన్నా కిందివాళ్లు చేసే పని చూడు. ఆటలో మెర్సర్ కింది మనిషి బ్రిన్యోల్ఫ్ నిన్ను దేనికి పంపాడు? ఊళ్లో చిన్న చిన్న వ్యాపారుల దగ్గర బాకీ వసూలుకి. బెర్సీ కొట్టులో ఒక పాత కూజా ఉంటుంది, దాన్ని పగలగొడితే అతను దారికొస్తాడు. ప్రాణాలు మాత్రం తీయొద్దు, వ్యాపారం దెబ్బతింటుంది అని బ్రిన్యోల్ఫ్ ముందే చెబుతాడు. కొట్టు నేల మీద పడిన ఆ పెంకుల్ని చూస్తే చాలు, మెర్సర్ ఏలుబడిలో గిల్డ్ ఏ స్థితికి దిగిందో తెలుస్తుంది.

అదే వరుసలో ముందు, 2006లో వచ్చిన ఆబ్లివియన్ ఆటలో ఇదే పేరుతో ఉన్న గిల్డ్‌కి పేదవాళ్ల ఇళ్లలో దొంగతనం చేయకూడదనే కట్టుబాటు ఉంది. నువ్వు ఆ నియమాన్ని తెచ్చి మెర్సర్ నోట పెట్టావు. రెండు కథలకీ మధ్య 200 ఏళ్లు, పైగా వేరే రాజ్యం. అక్కడి నాయకుడు గ్రే ఫాక్స్ సంగతే వేరు. అతని ముసుగుకి శాపం ఉంది, అది వేసుకున్నవాణ్ణి కట్టుకున్న భార్య కూడా గుర్తుపట్టలేదు. యాన్విల్ ప్రభువు కార్వస్ అలాగే ఏళ్ల తరబడి తన ఇంటికి తానే పరాయివాడయ్యాడు. ముసుగు చేతులు మారుతుంది, పేరు మాత్రం అదే ఉంటుంది. అక్కడ మనిషికన్నా పదవి పెద్దది. రిఫ్టెన్‌లో అలా కాదు, పదవిని మనిషి మింగేశాడు. ఈ రెంటినీ కలిపి ఒకే గిల్డ్ చరిత్రగా రాయాలనుకుంటే, కట్టుబాటు ఎప్పుడు, ఎవరి చేతుల్లో సడలిందో నీ పాత్రల్లో ఒక ముసలి దొంగ చేత చెప్పించు. అతనికి సగమే గుర్తుండనీ.

ఖజానా సీన్ ఒక్కటీ మళ్లీ రాసి పంపు. ఆ తలుపుకి ఒక్క తాళంచెవి సరిపోదు. డెల్విన్ తనది తిప్పుతాడు, తర్వాత బ్రిన్యోల్ఫ్ తనది తిప్పాలి. అప్పటికి గాలస్ డైరీలో ఏముందో అందరూ విన్నారు గానీ లోపల ఖాళీ అని ఇంకా చూడలేదు. డెల్విన్ పక్కకు జరిగాక, బ్రిన్యోల్ఫ్ చెయ్యి తాళం దాకా వెళ్లేలోపు అక్కడున్నవాళ్లు ఎవరెవరి మొహాలు చూశారో రాయి. ఒక పేజీ వస్తే చాలు. ఆదివారం కూర్చుని చదువుతాను.

ఆశీస్సులతో,
అక్క