పిజ్జా బిల్లు కూడా మనదే

చిన్నా,

నువ్వు పంపిన కాంట్రాక్టు శనివారం పొద్దున కాఫీతో మొదలుపెడితే సాయంత్రం దీపాలవేళకి అయింది. ఫోన్లో చెబుదామంటే నువ్వు ఎప్పుడూ ఆ వ్యానులోనే ఉంటావు, వెనకాల ఎవరో డ్రమ్ము స్టాండ్లు సర్దుతుంటారు, నేను ఒకటంటే నీకొకటి వినపడుతుంది. అందుకని కూర్చుని రాస్తున్నాను. వరసగా రాయడం నాకు చేతకాదు, ఓపిగ్గా చదువు.

ముందు సంతోషం సంగతి. జార్జియాలోని ఏథెన్స్ నుంచి ఆరేళ్ళు అదే వ్యానులో తిరిగి, బార్లలో నలభై మందికి కంట్రీ పాటా బ్లూసూ కలిపి వాయించిన మిమ్మల్ని వెతుక్కుంటూ పెద్ద లేబుల్, అంటే రికార్డు కంపెనీ, మీ గుమ్మం తొక్కింది. నాకు గర్వంగా ఉంది. మీ అమ్మకి ఇంకా చెప్పలేదన్నావు. చెప్పు. "ఉద్యోగం మానేస్తావా" అని అడుగుతుంది. ఇప్పుడే మానను అని చెప్పు, అబద్ధం కూడా కాదు. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

అడ్వాన్సు అన్న మాట చూసి పొంగిపోకు. అది అప్పు. ఇంటికొచ్చి వసూలు చెయ్యరు, రికార్డు ఆడకపోతే తిరిగివ్వమని అడగరు, అంతవరకూ ధర్మమే. ఆడితేనే అసలు తమాషా. రికార్డింగుకీ మీ తిండికీ కలిపి రెండు లక్షల డాలర్లు ఇచ్చారనుకో. మీ రాయల్టీ నూటికి పదిహేను. రికార్డు మీద లేబుల్‌కి పది లక్షలు వచ్చాయి. మీ వాటా లక్షా యాభై వేలు, కానీ అది మీ చేతికి రాదు, అప్పులో జమ అవుతుంది. ఇంకా యాభై వేలు మీరే బాకీ. లేబుల్ దగ్గర మొత్తం పది లక్షలూ ఉన్నాయి, అందులోంచి దాని ఖర్చులు పోను అది ఎప్పుడో గట్టెక్కి ఉంటుంది. వచ్చిన రాబడంతా అప్పుకి కట్టరు, మీ పదిహేను శాతమే కడతారు. ఈ ఒక్క లెక్క మీ అయిదుగురూ కాగితం మీద ఎవరికి వాళ్ళు వేసి చూసుకోండి. పైగా ప్రొడ్యూసర్‌కిచ్చే మూడో నాలుగో శాతం కూడా మీ పదిహేనులోంచే పోతుంది. కాంట్రాక్టులో "ఆల్ ఇన్" అని కనపడితే దాని అర్థం అదే.

నేను బేస్ వాయించిన బ్యాండు సంగతి నీకు సగమే తెలుసు. మాకూ ఒక లేబుల్ దొరికింది, పేరెందుకులే. ఆర్నెల్లకోసారి కవరొచ్చేది. లోపల ఒకే కాగితం, కింద కుడి మూల ఒక అంకె, దానికి అటూ ఇటూ బ్రాకెట్లు. మొదటిసారి చూసి మా డ్రమ్మర్ "ఇది మనకొచ్చేదా?" అన్నాడు. లెక్కల్లో బ్రాకెట్లంటే బాకీ అని వాడికి నేనే చెప్పాల్సొచ్చింది. వివరాలు పంపమంటే రెండు నెలలకి ఫ్యాక్సులో నాలుగు పేజీలు దిగాయి. అందులో పిజ్జాలు. మిక్సింగు జరిగిన రాత్రి లేబుల్ మనిషి వచ్చి "ఇవాళ నాది" అని చెయ్యూపి తెప్పించిన పిజ్జాలు, టిప్పుతో సహా మా ఖాతాలో! నేనైతే వాటిమీద ఉల్లిపాయలన్నీ ఏరి పక్కన పెట్టి తిన్నాను. కాబట్టి ఏ ఖర్చు మీ ఖాతాలో పడుతుందో, ఎంత దాటితే మీ సంతకం కావాలో రాతలో ఉండాలి. వీడియో ఖర్చూ టూరు ఖర్చూ మొత్తం మీమీదే వెయ్యనివ్వకండి, సగం అడగండి.

మీకు వాళ్ళు ఇస్తానన్నదాని కన్నా తక్కువలో రికార్డు చెయ్యండని చెబితే నవ్వుతావు. నవ్వు. అంకుల్ టుపెలో అనే బ్యాండు పేరు నీకు కొత్త కాదు. ఇల్లినాయ్‌లోని బెల్‌విల్ కుర్రాళ్ళు. వాళ్ళ మొదటి రికార్డు 1990 జనవరిలో బోస్టన్‌లో పది రోజుల్లో, 3,500 డాలర్లతో చేశారు. మూడోది మీ ఏథెన్స్‌లోనే, జాన్ కీన్ స్టూడియోలో, 1992 మార్చి 16 నుంచి 20 దాకా. ఆ తేదీలే రికార్డుకి పేరుగా పెట్టేశారు. తరవాత సైర్ లేబుల్‌కి, అంటే పెద్ద కంపెనీ వార్నర్ వాళ్ళ గొడుగు కిందకి వెళ్ళి, 1993లో తమ మొదటి పెద్ద లేబుల్ రికార్డు "అనొడైన్" చెయ్యడానికి మా ఆస్టిన్‌లో సీడర్ క్రీక్ స్టూడియోకొచ్చారు. పెద్ద లేబుల్ డబ్బు చేతిలో ఉంది కదా అని ఒకదానిమీద ఒకటి ట్రాకులు పేర్చుకుంటూ కూర్చోలేదు. అందరూ ఒకే గదిలో నిలబడి, ఓవర్‌డబ్‌లు, అంటే తరవాత విడిగా వాయించి అతికించడాలు లేకుండా, లైవుగా వాయించారు. ఫిడేలూ బాంజోలూ వాయించిన మాక్స్ జాన్‌స్టన్ కూడా ఆ గదిలోనే. నువ్వు ఆ రికార్డు హెడ్‌ఫోన్సులో విను. గది ఎంతుందో చెవికి తెలుస్తుంది.

అలా వాయించడానికి ఒక అర్హత ఉంది మరి. స్టూడియోకి వెళ్ళేటప్పటికి పాటలు చేతివేళ్ళలో ఉండాలి. ప్రతి కొత్త పాటా కనీసం ఇరవై బార్లలో వాయించి, ఎక్కడ జనం బీరు తెచ్చుకోడానికి లేస్తున్నారో చూసి, అక్కడ కోసెయ్యండి. స్టూడియోలో గంటకింత అని కడుతూ పాట రాయడం మొదలుపెడితే అది మీ అప్పుతో మీరు చేసే విలాసం.

నీ పని గురించి రెండు ముక్కలు, చాలాకాలం సౌండు బోర్డు ముందు నిలబడ్డవాడిగా. లైవుగా రికార్డు చేసేటప్పుడు నీ ఫిడేలు మైకులోకి స్నేర్ డ్రమ్ము దూరుతుంది. ఇంజనీరు నిన్ను గాజు బూత్‌లో పెడతానంటాడు. వెంటనే ఒప్పుకోకు. ముందు రిబ్బన్ మైకు అడుగు. దాని పక్కలు ఇంచుమించు చెవిటివి, ఆ చెవిటి పక్క డ్రమ్ముల వైపు తిప్పి పెడితే సగం గోల తగ్గుతుంది. మీ డ్రమ్మర్‌ని బ్రష్‌లతో వాయించమను. అప్పటికీ కుదరకపోతే బూత్‌లోకి వెళ్ళు కానీ, అతని కుడి మోచెయ్యి నీకు కనపడాలి. నువ్వు చెవితో కన్నా అతని మోచెయ్యి చూసే తాళం పట్టుకుంటావు, డాలస్‌లో మీ షో చూసినప్పుడు గమనించాను.

ఇంకోటి. చిన్నప్పుడు మీ అమ్మ నిన్ను కర్ణాటక వయొలిన్‌కి పంపిందని ప్రొడ్యూసర్‌కి తెలిసిన రోజున "కొంచెం ఆ ఇండియన్ రుచి కూడా" అంటాడు. పాట అడిగితే గమకం వెయ్యి, ఆయన అడిగితే మాత్రం ఒకసారి ఆలోచించు. పోస్టరు మీద అచ్చెయ్యడానికి కావాలో, వినడానికి కావాలో నీకే తెలుస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ఇబ్బందైన మాట. పాటలు ఎవరివి?

"ద బ్యాండ్" అనే పేరున్న బ్యాండు వాళ్ళ మొదటి రికార్డు 1968 జులై 1న క్యాపిటల్ నుంచి వచ్చింది. దాని అట్ట మడత తీస్తే ఒక ఫోటో ఉంటుంది. కెనడాలో ఒక పొలం దగ్గర వాళ్ళ అమ్మలూ నాన్నలూ చుట్టాలూ నిలబడి తీయించుకున్నది. మన పెళ్ళి ఫోటోలాగే ఉంటుంది. అదే రికార్డులో అందరికీ గుర్తుండిపోయిన పాట పాడింది వాళ్ళ డ్రమ్మర్ లెవాన్ హెల్మ్, రాసినట్టు పేరున్నది గిటారు వాయించే రాబీ రాబర్ట్‌సన్‌ది. ఆ రికార్డు మొత్తంలో రచయితగా హెల్మ్ పేరు ఒక్కచోటా లేదు. పాట ఎవరు పాడుకున్నా, ఏ సినిమాలో పెట్టుకున్నా రచయిత వాటా రచయితకే పోతుంది. పాటలు గదిలో అందరూ కలిసి తయారుచేశారని హెల్మ్, రాసింది తానేనని రాబర్ట్‌సన్. ఆ మనస్పర్థ హెల్మ్ 2012లో పోయేదాకా నలిగింది. ఎవరిది న్యాయమో నేను చెప్పను. హెల్మ్ డ్రమ్ము లేకుండా ఆ పాట నేను ఊహించుకోలేను. కానీ చట్టం దృష్టిలో మాటా బాణీ ఉంటే పాట, డ్రమ్ము వాయించిన తీరు పాట కాదు.

మీ దగ్గర పాటలు రాసేది ముఖ్యంగా ఆ అమ్మాయి. నువ్వు ఫిడేలు మీద ఎత్తుగడ కడతావు, జనం దాన్నే హమ్ చేస్తారు. అది రచనా, వాయింపా? స్టూడియోకి వెళ్ళకముందే, ఎక్కడో వ్యాను ఆపి టీ తాగుతూ, పాటకొక కాగితం తీసి శాతాలు రాసి అయిదుగురూ సంతకాలు పెట్టండి. ఇక్కడ దాన్ని స్ప్లిట్ షీట్ అంటారు. అడగడానికి సిగ్గేస్తుంది, తెలుసు. అన్నదమ్ముల్లా ఉన్నాం కదా అంటారు. అన్నదమ్ములు గట్టు తగాదా పడటం మన ఊళ్ళో చూళ్ళేదా?

ఆ కాగితం విలువ అంకెల్లో చెబుతాను. రికార్డు ఒక్కో కాపీలో ఉన్న ఒక్కో పాటకి రచయితకివ్వాల్సిన మెకానికల్ రాయల్టీ 2006 నుంచి 2022 దాకా 9.1 సెంట్లు. 2023లో 12 సెంట్లయింది, ఆ తరవాత ధరలతోపాటు పెరుగుతోంది. ఈ డబ్బు మామూలుగా అడ్వాన్సు అప్పులో పడదు, పడనివ్వద్దు కూడా. మీ కాంట్రాక్టులో దీన్ని ముప్పాతికకి కోసి, పది పాటలకే ఇస్తామన్న వాక్యం ఉంది, పెన్సిలుతో గీత గీశాను. మీరు పన్నెండు పాటలు పెడితే రెండు పాటలు ఊరికే పోయినట్టే. అలాగే ఇంటర్నెట్ రేడియో డబ్బులకి, వాటిని వసూలు చేసి పంచే సౌండ్‌ఎక్స్‌ఛేంజ్ అనే సంస్థలో ఈ వారమే మీ పేర్లు నమోదు చేసుకోండి. అందులో నూటికి నలభై అయిదు బ్యాండుకి నేరుగా వస్తుంది, లేబుల్ చేతిమీదుగా రాదు.

మళ్ళీ "అనొడైన్" దగ్గరికి వస్తాను, ఎందుకంటే అసలు భయం అక్కడుంది. రికార్డు 1993 అక్టోబరులో వచ్చింది. జనవరికల్లా, ఆ బ్యాండులో పాటలు రాసి పాడే ఇద్దరిలో ఒకడైన జే ఫరార్ నేను వెళ్ళిపోతానన్నాడు. అతనూ రెండోవాడు జెఫ్ ట్వీడీ హైస్కూలు స్నేహితులు, అప్పటికి సరిగ్గా మాట్లాడుకోవడం కూడా లేదు. 1994 మే 1న సెయింట్ లూయిస్‌లో ఆఖరి కచేరీ. మిగిలినవాళ్ళు విల్కో అనే బ్యాండయ్యారు, ఫరార్ సన్ వోల్ట్ అని ఇంకోటి పెట్టుకున్నాడు. మంచి రికార్డు కలిపి ఉంచుతుందనుకోకు. మీ కాంట్రాక్టులో లీవింగ్ మెంబర్ అని ఒక భాగం ఉంది చూడు. ఎవరైనా వెళ్ళిపోతే వాళ్ళు విడిగా చేసే పాటల మీద కూడా లేబుల్‌కి హక్కుంటుంది, అప్పు మాత్రం ఎవరి నెత్తిన ఎంతో రాయలేదు. వెళ్ళేవాడి వాటా అప్పు వాడిదేనని, మిగతావాళ్ళ రాబడిలోంచి పట్టుకోకూడదని రాయించండి. బ్యాండు పేరు ఎవరిదో కూడా తేల్చుకోండి, లేబుల్‌తో సంబంధం లేకుండా మీలో మీరే.

మిమ్మల్ని తెచ్చిన ఏ-అండ్-ఆర్ మనిషి, అంటే లేబుల్ తరఫున బ్యాండుల్ని వెతికేవాడు, మంచివాడే అయి ఉంటాడు. కానీ ఆయన కూడా ఉద్యోగే. విల్కో 2001లో ఒక రికార్డు చేసి ఇస్తే వాళ్ళ లేబుల్ రిప్రైజ్ వద్దంది, అప్పటికి ఆ కంపెనీలో పైమనుషులు మారుతున్నారు. బ్యాండు తన టేపులు తను తీసుకుని బయటికొచ్చింది. 2002 ఏప్రిల్‌లో దాన్నే నాన్‌సచ్ అనే లేబుల్ విడుదల చేసింది. రెండూ వార్నర్ కిందివే! ఒకే రికార్డుకి ఒకే ఇల్లు రెండుసార్లు డబ్బు కట్టింది. నవ్వొస్తుంది కానీ, ఆ నెలల్లో ఆ కుర్రాళ్ళు ఎలా నిద్రపోయారో. ఆ మనిషి ఉద్యోగం వదిలితే మీకూ బయటికి దారి ఉండాలి, దాన్ని కీ మ్యాన్ క్లాజు అంటారు. కొత్త బ్యాండుకి ఇవ్వరు అంటారు. అడిగితే పోయేదేముంది. దొరక్కపోతే, ఇచ్చిన రికార్డు ఇన్ని నెలల్లో విడుదల చెయ్యకపోతే మాది మాకిచ్చెయ్యాలన్న వాక్యం మాత్రం వదలకండి.

లాయరు సంగతి. లేబుల్ వాళ్ళు చెప్పిన లాయర్ని పెట్టుకోవద్దు, మీ మేనేజరు బావమరిదినీ వద్దు. సంగీతం కాంట్రాక్టులే పనిగా ఉన్నవాళ్ళని చూడండి. ఫీజు మూడు వేలో నాలుగు వేలో అంటారు, వ్యాను టైర్లు ఆలస్యంగా మార్చుకోండి, ఇది మాత్రం కట్టండి.

నేను గీతలు గీసిన కాపీ ఈ ఉత్తరంతోపాటే పెడుతున్నాను. పదిహేడో పేజీ, ముప్పై తొమ్మిదో పేజీ ముందు చూడు. నాకు అర్థంకానివి రెండుచోట్ల ఉన్నాయి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను, అవి లాయర్ని అడుగు. మీ బేస్ కుర్రాడికి నా పాత ప్రెసిషన్ బేస్ గిటారు కావాలన్నావు కదా, తీసుకెళ్ళమను. తంతులు మార్చొద్దని చెప్పు, అవి పదేళ్ళు నానినవి.

మావయ్య