తుపానుకు ఇళ్లు పోయిన బధిరులకు విడిగా కాలనీ కట్టిస్తే సరిపోతుందా?

సరిపోదు, సైగ భాష తెలిసిన మనుషులు, కంటికి కనిపించే హెచ్చరిక, చేతికి పని దగ్గర్లో లేకపోతే అలాంటి కాలనీ ఎంతోకాలం నిలవదు.

వినేవాళ్లకు పక్కింట్లోకి ఎవరొచ్చినా మాట కలుస్తుంది. బధిరులకు అలా కుదరదు. లాటరీ తీసి ఇళ్లు పంచితే, సైగల్లో మాట్లాడుకునే నలుగురూ నాలుగు మూలలకు పోతారు. రేషను, పరిహారం కబుర్లేమో మైకులో పోతాయి.

శ్రీకాకుళం జిల్లానే చూడండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి, చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. చీకట్లో వినేవాళ్లు కేకలైనా వేసుకుంటారు. సైగ చేసే చేతులు, కదిలే పెదవులు కనబడకపోతే బధిరులకు మాటే ఆగిపోతుంది. అందుకే ఇంటికో సోలార్ దీపం, టార్చి తప్పనిసరి. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకొచ్చేదాకా ఏళ్లు పడుతుంది కాబట్టి, ఆలోపు చేసుకునే పని కూడా ఇంటితోపాటే చూడాలి.

"కాగితం మీద రాసిస్తే చాలు కదా" అనుకుంటారు చాలామంది. చిన్నప్పటి నుంచీ వినికిడి లేనివారిలో అనేకమందికి తెలుగు చదవడం అంత తేలిక కాదు. భారతీయ సైగ భాషకు వ్యాకరణమే వేరు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం గృహ పథకాల్లో 5 శాతం కేటాయింపు ఉంది (అది అన్నిరకాల దివ్యాంగులకూ కలిపి). జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ వీరి వివరాలు నమోదు చేసి, ముప్పు వస్తే వారికి తెలియజేయాలి కూడా.