నీళ్లలో నానే చేతులు ఎందుకు ఎండిపోతాయి?

పాఠకుల ప్రశ్నలు – చర్మ ఆరోగ్యం

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. విజయవాడ కృష్ణలంకలో మావారూ నేనూ కర్రీ పాయింట్ నడుపుతున్నాం. తెల్లవారుజామున బియ్యం, కూరగాయలు కడగడంతో మొదలుపెడితే రాత్రి గిన్నెలు తోమేవరకు నా చేతులు ఆరే వేళే ఉండదు. అయినా వేళ్ల కణుపుల దగ్గర చర్మం గరుకెక్కి పగుళ్లు తేలింది. చింతపండు పిసికేటప్పుడు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. రోజంతా తడిలో ఉండే చేతులు ఇలా ఎండిపోవడం ఏమిటి? ఒంట్లో వేడి చేసిందని, మజ్జిగ ఎక్కువగా తాగమని మా అత్తగారు అంటున్నారు.
– ఒక పాఠకురాలు, కృష్ణలంక

జవాబు: మజ్జిగ తాగండమ్మా, మంచిదే. అయితే మీ చేతుల పగుళ్లకు, ఒంటి వేడికి సంబంధం లేదు. రోజంతా నీళ్లలో ఉంటున్నందువల్లనే మీ చేతులు ఎండిపోతున్నాయి.

అరచేతులు, అరికాళ్లు తప్పించి మిగతా ఒంటి మీద చర్మపు పైపొర మందం సుమారు మిల్లీమీటరులో 50వ వంతుకు మించదు. ఆ పొరలోని కణాలలో అమైనో ఆమ్లాలు, యూరియా, లాక్టిక్ ఆమ్లపు లవణాల వంటి పదార్థాలు ఉండి తేమను పట్టి ఉంచుతాయి. కణాల మధ్య సందుల్లో సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు అనే కొవ్వులు పూతలా పరుచుకొని, లోపలి నీరు ఆవిరైపోకుండా అడ్డుకుంటాయి. తేమను పట్టి ఉంచే ఆ పదార్థాలు నీళ్లలో ఇట్టే కరిగిపోయేవి కావడమే ఇక్కడ వచ్చిన చిక్కు.

మీరు గారెల కోసం పొట్టు మినప్పప్పు నానబోస్తారు కదా. కొంతసేపటికి పప్పు ఉబ్బి, పొట్టు వదులై, గిన్నెలోని నీళ్ల రంగు మారుతుంది; ఆ నీళ్లలోకి దిగినది పప్పులోని సారమే. చేతుల విషయంలోనూ జరిగేది దాదాపు ఇదే. పైపొర నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, మధ్యనున్న కొవ్వు పూత అమరిక చెదురుతుంది, తేమను పట్టే పదార్థాలు కొద్దికొద్దిగా బయటికి పోతాయి. చెయ్యి బయటికి తీశాక పీల్చిన నీరు గాలికి ఆరిపోతుంది, దానిని నిలుపుకొనే సరుకు మాత్రం అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. ఉబ్బిన చర్మం ముడుచుకుంటూ ఆరుతుంది కనుక, వంగే చోటైన కణుపుల దగ్గర ముందుగా చిట్లుతుంది. సబ్బు తోడైతే నష్టం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే చర్మానిది కొద్దిపాటి ఆమ్లగుణం, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) సుమారు 5 ఉంటుంది. మామూలు సబ్బుది 9 లేదా 10. వేడినీళ్లయితే కొవ్వు మరింత తేలిగ్గా కరిగిపోతుంది.

అయితే చర్మం ఊరుకోదు. పైపొర దెబ్బతిన్న నిమిషాల్లోనే కింది కణాలు తాము దాచుకున్న కొవ్వును పైకి వదలడం మొదలుపెడతాయి. పడుచు వయసులో సగం మరమ్మతు కొద్ది గంటల్లోనే జరిగిపోతుంది, మిగిలినది తేరుకోవడానికి సుమారు 3 రోజులు పడుతుంది, వయసు పైబడిన కొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది. తేమను పట్టే పదార్థాలు మాత్రం ఫిలాగ్రిన్ అనే ప్రొటీను విడిపోవడం వల్ల కొత్త కణాల్లో తయారుకావలసి ఉంటుంది కనుక అంత తొందరగా సమకూరవు. పైపొర మొత్తం కొత్తగా మారడానికి దాదాపు 2 వారాలు కావాలి. చేతులు రోజుకు 2 గంటలకు మించి తడిలో ఉన్నా, 20 సార్లకు మించి కడుక్కున్నా దానిని చర్మానికి హాని చేసే తడిపనిగా వృత్తి వైద్యంలో, అంటే చేసే పని వల్ల వచ్చే జబ్బులను చూసే వైద్యంలో, లెక్కిస్తారు. మీరు ఆ లెక్కను ఉదయం పూటే దాటేస్తున్నారు. రాత్రి పడుకున్న కొద్ది గంటలే మీ చేతులకు దొరికే సెలవు.

నీళ్లు ముట్టుకోవద్దని కర్రీ పాయింట్ నడిపే మనిషికి చెప్పడం వైద్యం అనిపించుకోదు. అందుచేత తడి చేసే పనులన్నీ ఒక వరుసలో పెట్టుకొని, తరిగే పనులు, పొట్లాలు కట్టే పనులు మరొక వరుసలో పెట్టుకోండి. పది నిమిషాలకోసారి తడిపి ఆరబెట్టడం కన్నా ఇది మేలు. గిన్నెలకు పొడవు పిడి ఉన్న బ్రష్ వాడండి. రబ్బరు గ్లౌజులు వేసుకుంటే లోపల పలుచని నూలు గ్లౌజులు ఉండాలి, అరగంట లోపు తీసేయాలి, ఎందుకంటే లోపల పట్టే చెమట కూడా తడే. పనిలో దిగే ముందు ఉంగరం తీసి పక్కన పెట్టండి. దాని కింద చేరిన సబ్బు కడిగినా పూర్తిగా పోదు, చాలామందికి పగుళ్లు మొదలయ్యేది ఆ వేలికే. చేతులు కడిగాక వేళ్ల సందులు సహా మెత్తని గుడ్డతో అద్ది, తేమ ఇంకా ఆరకముందే పెట్రోలియం జెల్లీ రాయండి. అది నీళ్లు పోయదు కానీ ఉన్న నీటిని పోనివ్వదు. రాత్రి దట్టంగా రాసి, పాత నూలు సాక్సులు తొడుక్కొని పడుకోండి. కొబ్బరినూనె కూడా పనికొస్తుంది, కాకపోతే అంతసేపు నిలవదు.

గోరు మొదలు ఉబ్బి నొప్పిగా ఉంటే, అంటే గోరుచుట్టు మొదలైతే, మన ఇళ్లలో వేలికి నిమ్మకాయ తొడిగే అలవాటు ఉంది. పగిలిన చర్మానికి ఆ పులుపు మరింత మంట పెడుతుంది కనుక మీరు ఆ పని చేయవద్దు. నీటిబుగ్గలు లేచినా, రసి కారినా, 2 వారాల్లో గుణం కనిపించకపోయినా చర్మ వైద్యులకు చూపించుకోండి.

ప్రశ్న: 2016 కృష్ణా పుష్కరాలకు నేను చిన్నపిల్లను. ఘాట్‌లో చాలాసేపు ఉన్నాక నా వేళ్ల కొసలు ముడతలు పడ్డాయి. చర్మంలోని నీరంతా నది పీల్చేసిందని అప్పట్లో భయపడ్డాను. నిజంగా ఏం జరిగింది?
– ఒక డిగ్రీ విద్యార్థిని, విజయవాడ

జవాబు: నది ఏమీ పీల్చలేదు. వేళ్లు నీళ్లలో నానినప్పుడు నరాల ఆదేశంతో కొసల్లోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, లోపలి పరిమాణం తగ్గి పైచర్మం ముడతలు పడుతుంది. నరం దెబ్బతిన్న వేలికి ఈ ముడతలు రావని 1930లలోనే వైద్యులు గమనించారు. కాసేపటికి వాటంతట అవే పోతాయి.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు దగ్గర మా అమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఇంటికి వచ్చాక చేతుల మంటకు నాలుగైదుసార్లు సబ్బుతో కడుగుతుంది. మంట తగ్గదు, చేతులు మాత్రం తెల్లగా పొట్టు లేస్తున్నాయి.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ అమ్మగారి చేతులకు రెండు బాధలు ఒకేసారి వచ్చాయి. మిరప ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. కడిగిన కొద్దీ ఘాటు అలాగే ఉండి, చర్మానికి సొంతమైన కొవ్వు పోతుంది. అలా పలచబడిన చోట ఘాటు మరింత సులువుగా దిగుతుంది. రాగానే పొడి చేతులకే రెండు చెంచాల వంటనూనె పట్టించి, గోళ్ల కింద కూడా రుద్ది, గుడ్డతో తుడవమనండి. అలా రెండుసార్లు చేశాక గోరువెచ్చని నీటితో, కొద్దిపాటి సబ్బుతో ఒక్కసారి కడిగి, చేతులు అద్ది, పైన చెప్పినట్లే జెల్లీ రాయాలి. పని వేళ నూలు గ్లౌజులు ఒక్కటే వేసుకుంటే కారం నూలులోకి దిగి చేతిని అంటిపెట్టుకొనే ఉంటుంది, కనుక పైన పలుచని రబ్బరువి ఉండాలి. తుడిచిన గుడ్డను మాత్రం ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి నానబెట్టకండి.