పాఠకుల ప్రశ్నలు: "దేవుడు ఎందుకిలా చేశాడు?" అని అడిగితే

ప్రశ్న: మా సంఘంలో ఒక సహోదరి బిడ్డను పోగొట్టుకున్నారు. "దేవుడు ఎందుకిలా చేశాడు?" అని అడిగితే రోమా 8:28 (దేవుని ప్రేమించేవారికి సమస్తమూ మేలుకే సమకూడి జరుగుతుందన్న వచనం) చదివి వినిపించాను. ఆమె లేచి వెళ్లిపోయారు. వాక్యం చెప్పడం తప్పా?

జవాబు: వచనంలో తప్పు లేదు, చెప్పిన సమయమే కుదరలేదు. పిల్లలనూ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు విప్పకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు (2:13). వాళ్లు చేసిన మంచి పని దాదాపు అదొక్కటే. 4వ అధ్యాయంలో మాటలు మొదలుపెట్టారు. 42:7కి వచ్చేసరికి దేవుని కోపం వాళ్లమీదికే వచ్చింది. అలాగని వాళ్లు చెప్పినవన్నీ అబద్ధాలేమీ కావు. వాళ్లలో ఒకడైన ఎలీఫజు అన్న మాటను (5:13) పౌలే 1 కొరింథీ 3:19లో ఎత్తి రాశాడు. నిజమైన మాటలనే "నువ్వేదో పాపం చేసి ఉంటావు" అని నిందించడానికి వాడుకున్నారు, అక్కడే చెడింది.

అందుకే ముందు ఆమె అడుగుతున్నదేమిటో తెలుసుకోండి. "మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నదేమిటి?" అని ఒక్క మాట అడిగి ఊరుకోండి. "నా పాపం వల్లేనా?" అన్నది ఆమె భయమైతే యోహాను 9:1-3 (పుట్టుగుడ్డితనం ఎవరి పాపం వల్లా కాదని ప్రభువు చెప్పిన చోటు), లూకా 13:4 చూపించండి. సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావారికంటే పెద్ద పాపులు కారని ప్రభువే చెప్పారు. 5వ వచనంలో మారుమనస్సు గురించి హెచ్చరిక ఉంది. అది ఎదురుగా నిలబడి వింటున్నవారికి చెప్పినది, చనిపోయినవారి ఇంటివాళ్లకు కాదు.

దేవుడిమీదే కోపంగా ఉంటే 13వ కీర్తన చదవండి, ఆరు వచనాలే. 88వ కీర్తన ఇంకా నయం. అది చీకటి గురించిన మాటతోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు ముక్క అతికించి ఉండదు. అలాంటి ప్రార్థన కూడా బైబిల్లో ఉందని తెలిస్తే మనసు కాస్త తేలికపడుతుంది.

రోమా 8:28 ఎప్పుడైనా చెప్పవలసివస్తే 18వ వచనం నుంచి మొదలుపెట్టండి. సృష్టి మూలుగు, మన మూలుగు, ఆత్మ మూలుగు దాటాకే ఆ వచనం వస్తుంది. దాన్ని ఒక్కదాన్నే తెంచి చదివితే "బిడ్డ పోవడమూ మంచికే" అన్నట్టు తల్లి చెవిన పడుతుంది. మంచి భవిష్యత్తు ఇస్తానని దేవుడు మాటిచ్చిన యిర్మీయా 29:11తోనూ ఇదే ఇబ్బంది. రేపే అంతా చక్కబడుతుందని దాన్ని చదువుతారు గానీ, బబులోను చెరలో ఉన్నవారికి డెబ్బై ఏళ్లు గడవాలని దాని పై వచనంలోనే ఉంది.

ప్రశ్న: ఆఫీసులో ఒకాయన "కయీనుకు భార్య ఎక్కడినుంచి వచ్చింది?" అని నలుగురిలో ఎగతాళిగా అడుగుతుంటారు. జవాబు చెప్పాలా, వదిలేయాలా?

జవాబు: ఒకసారి చెప్పండి, క్లుప్తంగా. కయీను తండ్రి ఆదాముకు కుమారులూ కుమార్తెలూ ఇంకా ఉన్నారని ఆదికాండము 5:4లో ఉంది. ఆమె ఆ కుటుంబంలోని స్త్రీయే అన్నది ఎక్కువమంది ఒప్పుకున్న వివరణ. దగ్గరి బంధువుల మధ్య వివాహాన్ని నిషేధించే లేవీయకాండము 18వ అధ్యాయం మోషే కాలానిది, కయీను కాలానికి అది ఇంకా రాలేదు. ఇంతకుమించి సాగదీయవద్దు.

ఆయన వెంటనే ఇంకో ప్రశ్నకు దూకితే, "ఈ జవాబులో మీకు ఏది సరిపోలేదు?" అని అడిగి చూడండి. అధికారం గురించి నిలదీసినవారిని ప్రభువు కూడా యోహాను బాప్తిస్మం గురించి ఎదురు ప్రశ్న వేశారు. "తెలియదు" అని వాళ్లు తప్పించుకుంటే ఆయనా జవాబు చెప్పలేదు (మార్కు 11:27-33). సామెతలు 26:4 మూర్ఖునికి జవాబు చెప్పవద్దంటుంది, 5 చెప్పమంటుంది. ఏ రోజు ఏది పాటించాలో మనమే చూసుకోవాలి. ఆయనను మాత్రం మూర్ఖుడని మనసులో కూడా అనుకోకండి, మాటలో అది తెలిసిపోతుంది. నలుగురిలో ఎగతాళి చేసే మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు నిజంగానే అడగవచ్చు.

ప్రశ్న: బైబిలు తరగతిలో పిల్లలు అడిగినదానికి జవాబు తెలియకపోతే?

జవాబు: తెలియదనే చెప్పండి. అక్కడికక్కడ అల్లిన జవాబును పిల్లలు ఇట్టే పసిగడతారు. ప్రశ్నను వాళ్ల మాటల్లోనే రాసుకోండి, మన మాటల్లో రాస్తే సులువైన ప్రశ్నగా మారిపోతుంది. ఆ వచనమున్న అధ్యాయమంతా చదవండి, ఇంకో అనువాదంతో పోల్చండి, ఆ తర్వాతే పాస్టరుగారిని అడగండి. వచ్చే ఆదివారం చెబుతానని అంటే ఆ ఆదివారమే చెప్పండి, దొరకకపోతే దొరకలేదనైనా. గుర్తుచేసే పని పిల్లలకు వదలకండి.